సిలిండరు కోసం ఆగకండి, ముందు నాన్నను నడిపించండి

అమ్మానాన్నల్ని, అత్తమామల్ని న్యూజిలాండ్ తెచ్చుకున్న తెలుగు కుటుంబాలకు,

ఈ కాగితం గుడి బయట చెప్పుల స్టాండు దగ్గరో, ఇండియన్ షాపులో బియ్యం మూటల పక్కనో మీ చేతికి వచ్చి ఉంటుంది. పారేయకండి. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే పెద్దమనిషి మీ ఇంట్లో ఉంటే చివరిదాకా చదవండి. లేకపోతే, ఉన్న ఇంటికి చేర్చండి.

మాది ప్రకాశం జిల్లా. మా నాన్న ముప్పై ఏళ్లు పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేశాడు. ఆకు కాల్చే రోజుల్లో రాత్రంతా కట్టెలు ఎగదోస్తూ ఆ వేడికీ పొగకీ ముందే కూర్చునేవాడు. నోట్లో చుట్ట సరేసరి. పొయ్యి దగ్గర అమ్మకు ఊదుగొట్టం, బ్యారన్ దగ్గర నాన్నకు పొగ. మా ఇంట్లో గ్యాసు పొయ్యి వచ్చేసరికే ఇద్దరి ఛాతీల్లో జరగాల్సింది జరిగిపోయింది. నాన్నకు సీఓపీడీ అన్నారు. ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి మళ్లీ మామూలుగా తెరుచుకోవు. లోపలికి వెళ్లిన గాలి పూర్తిగా బయటికి రాదు. పాత గాలి లోపలే ఉండిపోతే కొత్త గాలికి చోటు ఉండదు. ఆయాసం అంటే అదీ.

నాన్న ఆక్లాండ్ వచ్చాక మేం ముందుగా చేసిన పని ఆయనకు మంచి రిక్లైనర్ కుర్చీ కొనడం. "నువ్వు లేవకు నాన్నా, నేను తెచ్చిపెడతా." ఈ మాట రోజుకి ఎన్నిసార్లు అనేదాన్నో. మంచినీళ్లు, కళ్లజోడు, టీవీ రిమోటు, మాత్రల డబ్బా, అన్నీ చేతికే. మొదటి ఏడాది వీధి మలుపుదాకా వెళ్లి మనవరాలిని స్కూలు నుంచి తెచ్చేవాడు. రెండో ఏడాది గేటు దగ్గరే నిలబడేవాడు. ఆ తర్వాత స్నానాల గది నుంచి కుర్చీ దాకా రావడానికి మధ్యలో ఒకసారి గోడ పట్టుకునేవాడు. జబ్బు ముదురుతోంది కాబోలు అనుకున్నాం. జబ్బు కొంత ముదిరిన మాట నిజమే. మిగతాది మా చేతులారా మేం చేసింది. ప్రేమతో కూర్చోబెట్టి ఆయన కాళ్లలో కండ కరిగించేశాం.

ఈ కరపత్రం రాయడానికి కారణం అదే. మేం పోగొట్టుకున్న రెండేళ్లు మీరు పోగొట్టుకోకండి.

ఆక్సిజన్ అన్న మాట మన చెవికి మామూలుగా వినబడదు. 2021లో ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ విరుచుకుపడినప్పుడు, ఇక్కడ రాత్రుళ్లు మేలుకుని హైదరాబాదులోనో గుంటూరులోనో ఉన్న మనవాళ్ల కోసం ఫోన్లలో సిలిండర్లు వెతికాం. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి, ప్రభుత్వం వెంటనే చెప్పిన లెక్కలోనే 11 మంది పోయారు. గొట్టం ముక్కుకి ఉంటే బతుకు, లేకపోతే చావు అని అప్పుడే మన మనసుల్లో నాటుకుపోయింది. అందుకే ఇక్కడి డాక్టరు పరీక్షలన్నీ చేసి "మీ నాన్నగారికి ఇంటికి ఆక్సిజన్ ఇవ్వాల్సిన అవసరం లేదు, వ్యాయామం క్లాసుకు పంపుతాను" అన్నప్పుడు మాకు ఒళ్లు మండింది. డబ్బు మిగుల్చుకోవడానికే ఇలా అంటున్నారనుకున్నాం. ఊపిరాడని మనిషిని వ్యాయామం చేయమంటారా అని ఇంటికొచ్చి అందరం తిట్టుకున్నాం. ఆ వారమే మా అన్నయ్య వాట్సాప్ గ్రూపులో "పోర్టబుల్ ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ సెకండ్ హ్యాండ్‌లో ఎవరి దగ్గరైనా ఉందా" అని పెట్టాడు. అలాంటి మెసేజీలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. మీరూ చూసే ఉంటారు.

మాదే తప్పు. డాక్టరు చెప్పిందే సరైనది. ఎలాగో చెబుతాను.

కోవిడ్‌లో ఊపిరితిత్తులు ఉన్నట్టుండి దెబ్బతిని, ఆక్సిజన్ అందకపోతే గంటల్లో ప్రాణం పోయే స్థితి వేరు. ఏళ్లుగా నెమ్మదిగా ముదిరిన జబ్బుతో, కూర్చుంటే ఆక్సిజన్ 93 శాతం, నడిస్తే 86 శాతం చూపించే మనిషి సంగతి వేరు. మా నాన్న లాంటివాళ్ల కోసమే పక్కనున్న ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష చేశారు. ఫిజియోథెరపీ ఆచార్యురాలు జెన్నిఫర్ ఆలిసన్ బృందం చేసిన ఆ పని ఫలితాలు 2019లో యూరోపియన్ రెస్పిరేటరీ జర్నల్‌లో వచ్చాయి. అందులో 111 మంది సీఓపీడీ రోగులు ఉన్నారు. విశ్రాంతిలో వాళ్ల ఆక్సిజన్ మరీ అంత తక్కువ కాదు, నడిస్తే మాత్రం 90 కంటే దిగిపోతుంది. ఎనిమిది వారాలు, వారానికి మూడు రోజులు వాళ్లచేత ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, సైకిలు తొక్కించారు. ప్రతి ఒక్కరి ముక్కుకీ గొట్టం పెట్టారు. కొందరికి అందులోంచి నిమిషానికి 5 లీటర్ల ఆక్సిజన్ వచ్చేది. మిగతావాళ్లకి అదే 5 లీటర్ల చొప్పున మామూలు గాలి. ఎవరికి ఏది వస్తోందో రోగికీ తెలియదు, పక్కన నిలబడి చేయించే ఫిజియోకీ తెలియదు.

ఎనిమిది వారాల తర్వాత చూస్తే రెండు జట్లూ ముందుకంటే ఎక్కువసేపు నడవగలిగాయి. రెండు జట్లకీ రోజువారీ బతుకు తేలికపడింది. ఆక్సిజన్ పీల్చినవాళ్లు మామూలు గాలి పీల్చినవాళ్లకంటే ఎక్కువగా బాగుపడిందేమీ లేదు.

ఇంకోసారి చదవండి. బాగుచేసింది నడక. గొట్టంలోంచి వచ్చింది ఆక్సిజనా, గాలా అన్నదానితో తేడా రాలేదు.

ఇంతకు ముందే, 2016లో అమెరికాలో 738 మందితో చేసిన పెద్ద పరీక్ష ఇంకో ముక్క చెప్పింది. విశ్రాంతిలో ఆక్సిజన్ ఓ మోస్తరుగా తగ్గినవాళ్లకూ, నడిచినప్పుడు ఓ మోస్తరుగా పడిపోయేవాళ్లకూ ఇంటికి ఆక్సిజన్ ఇస్తే ఆయుష్షు పెరగలేదు, ఆసుపత్రి పాలవడం తగ్గలేదు. అంటే మా నాన్నకు సిలిండరు ఇవ్వనిది పిసినారితనంతో కాదు. అది ఆయనకు పనికొచ్చే మందు కాదు కాబట్టి.

మరి పనికొచ్చే మందు ఏది? దాని పేరు పల్మనరీ రిహాబిలిటేషన్. పేరు పెద్దదే గానీ సంగతి చిన్నది: ఫిజియోథెరపిస్టు దగ్గరుండి, మనిషి ఓపిక కొలిచి, ఎనిమిది వారాలు లేదా అంతకంటే ఎక్కువ, సాధారణంగా వారానికి రెండుసార్లు చేయించే వ్యాయామమూ దాంతోపాటు చెప్పే పాఠమూ. ఇది గట్టిగా పనిచేస్తుందని 65 పరీక్షలు, 3,822 మంది రోగుల లెక్కలు కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2015లో చెప్పింది. ఇది పనిచేస్తుందా లేదా అని ఇక కొత్తగా పరీక్షించనక్కర్లేదని అక్కడితో ఆ లెక్క మూసేశారు. 2017లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి తెచ్చిన మార్గదర్శకాలు సీఓపీడీ రోగులను దీనికి పంపమన్నాయి. జబ్బు తిరగబెట్టి ఆసుపత్రిలో చేరి వస్తే, ఇంటికి వచ్చిన రెండు వారాల్లోపే మొదలుపెట్టడం మంచిదన్నాయి.

అమెరికాలో సీఓపీడీతో ఆసుపత్రిలో చేరి ఇంటికొచ్చిన 1,97,376 మంది వృద్ధుల లెక్క 2020లో బయటికొచ్చింది. మూడు నెలల్లోపు ఈ క్లాసు మొదలుపెట్టినవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. మొదలుపెట్టినవాళ్లలో ఏడాది తిరిగేసరికి చనిపోయినవాళ్లు నూటికి 7 మంది, మొదలుపెట్టనివాళ్లలో 20కి దగ్గర. కాస్త ఓపిక ఉన్నవాళ్లే క్లాసుకు వచ్చి ఉండవచ్చు కాబట్టి తేడా అంతా వ్యాయామం పుణ్యమే అనను. కానీ నూటికి 98 మంది గడప దాటలేదన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ 98 మంది ఇళ్లలోనూ "నువ్వు లేవకు నాన్నా" అనే కూతురు ఒకతె ఉండి ఉంటుంది.

ఊపిరితిత్తుల జబ్బుకి కాళ్లకి పని చెప్పడమేమిటని మా అమ్మ అడిగింది. మీ ఇంట్లోనూ అడుగుతారు. నడక క్లాసు చెడిపోయిన ఊపిరితిత్తులను బాగుచేయదు, ఆ మాట ఎవరు చెప్పినా నమ్మకండి. బాగుపడేది కండ. వాడని కండ తొందరగా అలిసిపోతుంది, అలిసిన కండ రక్తంలోకి ఎక్కువ ఆమ్లం వదులుతుంది, దాన్ని వదిలించుకోవడానికి ఒళ్లు ఇంకా ఎక్కువ ఊపిరి అడుగుతుంది. ఊపిరే సరిగ్గా లేని మనిషికి అది రెండింతల బరువు. కాలికి బలం వస్తే అదే దూరానికి తక్కువ ఊపిరి చాలు. ఆయాసం వస్తుందని కూర్చుంటే కాలు సన్నబడుతుంది, కాలు సన్నబడితే ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఈ ముడి ఒక్కటే విప్పాలి.

మా నాన్న క్లాసు మొదటి రోజు చెబుతాను. ఆసుపత్రి కాదు, ఒక చర్చి వెనక హాలు. నేల మీద రెండు నారింజరంగు శంకువులు. పన్నెండు మంది పెద్దవాళ్లు. పాకెహాలు (ఇక్కడి తెల్లవాళ్లు), మావోరీలు, సమోవా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, మా నాన్న. ఆరు నిమిషాలు ఆ శంకువుల మధ్య నడవమన్నారు, వేలికి ఆక్సీమీటరు తగిలించి. నాలుగో చుట్టుకి అంకె 91. ఆరో చుట్టుకి 88. తర్వాత 86. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఫిజియో నావైపు చూసి చెయ్యి అడ్డం పెట్టింది, కూర్చోమని. నాన్నను ఆగమంది. ఆయన గోడకు రెండు అరచేతులూ ఆనించి వంగాడు. "ముక్కుతో పీల్చండి, పెదాలు సున్నాలా చుట్టి వదలండి" అని తను చేసి చూపించింది. నాన్నకు ఇంగ్లీషు రాదు, దుబాసీ అక్కర కూడా రాలేదు. వేడి కాఫీని ఊదినట్టు, మెల్లగా, పొడుగ్గా ఊదాడు. ముప్పై ఏళ్లు బ్యారన్ పొయ్యి ముందు కూర్చున్న మనిషికి ఊదడం ఒకరు నేర్పాలా? నిమిషం గడవకముందే 90, ఆ వెనకే 92. ఫిజియో బొటనవేలు పైకెత్తింది. నాన్న మళ్లీ నడక అందుకున్నాడు.

ఆ నిమిషంలో నాకు అర్థమైంది ఇదీ: అంకె పడటం, ఆయాసం రావడం, ప్రమాదం రావడం, మూడూ ఒకటి కాదు. ఆయాసం వచ్చినా భయపడకుండా ఆగి, ఊది, మళ్లీ నడవడం నేర్పేదే ఆ క్లాసు. సున్నా నుంచి పది దాకా ఆయాసానికి మార్కులు వేయమంటారు. మూడూ నాలుగూ దగ్గర ఉండేలా నడిపిస్తారు. మాట్లాడగలగాలి, పాట పాడేంత తీరిక ఉండకూడదు, అంత వేగం. ఎనిమిదో వారానికి నాన్న సైకిలు మీద ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. ఇప్పుడు మనవరాలిని స్కూలు నుంచి మళ్లీ తనే తెస్తున్నాడు, మధ్యలో ఒక లెటర్‌బాక్సు దగ్గర ఆగి.

ఆక్సిజన్ ఎవరికీ అక్కర్లేదని నేనంటున్నాననుకోకండి. ఇక్కడ జాగ్రత్తగా చదవండి. కూర్చుని ఉన్నప్పుడే రక్తంలో ఆక్సిజన్ బాగా తక్కువ ఉన్నవాళ్లకు అది నిజంగానే ఆయువు. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 55 మిల్లీమీటర్లు, అంతకు తక్కువ ఉన్నవాళ్ల సంగతి ఇది. 1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో చేసిన రెండు పరీక్షలు ఆ విషయం తేల్చాయి. రోజుకి కనీసం 15 గంటలు పెట్టుకోవాలి. 2024లో స్వీడన్‌లో 241 మందితో చేసిన పరీక్షలో 24 గంటలు పెట్టుకున్నవాళ్లకు 15 గంటలవాళ్లకంటే అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. కాబట్టి మీ ఇంట్లో పెద్దాయనకు డాక్టరు ఆక్సిజన్ రాసిచ్చి ఉంటే మానకండి. క్లాసుకి కూడా దాంతోనే వెళ్లాలి. విశ్రాంతికి ఎంత, నడకకు ఎంత అని రెండు అంకెలు అడిగి రాయించుకోండి. ఎందుకంటే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలిస్తే, నడిచేటప్పుడు అది ఇరవై దాటిపోతుంది. గొట్టంలోంచి వచ్చేది అదే రెండు లీటర్లు. చిక్కటి పాలు అవే, కలిపిన నీళ్లు మూడింతలు. నడకకు ఎంత పెట్టాలో నడిపించి కొలిచి చెప్పాల్సిందే గానీ ఇంట్లో ఎవరూ ఊహించి మీట తిప్పకూడదు. ఊపిరితిత్తులు గట్టిపడే ఫైబ్రోసిస్ ఉన్నవాళ్ల లెక్క కూడా వేరు. పైన చెప్పిన పరీక్షలు ఎక్కువగా సీఓపీడీవాళ్లవి.

మీట తిప్పడం అంటే గుర్తొచ్చింది. ఎక్కువ పెడితే ఎక్కువ మంచిదనుకోకండి. సీఓపీడీలో కొందరికి ఆక్సిజన్ అవసరానికి మించితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు కమ్ముతుంది. టాస్మేనియాలో అంబులెన్సుల్లో 405 మందితో చేసి 2010లో ప్రచురించిన పరీక్షలో, ఆక్సిజన్‌ను 88 నుంచి 92 మధ్య ఉండేలా కొలిచి ఇచ్చినప్పుడు, ధారాళంగా ఇచ్చినప్పటికంటే చావులు సగానికి పైగా తగ్గాయి. ఆన్‌లైన్‌లో వేల డాలర్లు పోసి మిషను కొని మీరే పెట్టేయడం ఎందుకు ప్రమాదమో ఇప్పుడు తెలిసిందా?

గొట్టంలోంచి మేలు చేసేది ఎప్పుడూ ఆక్సిజనే కానక్కర్లేదని తేల్చిన ఊరు కూడా మన ఆక్లాండే. 1960ల చివర ఆక్లాండ్ ఆసుపత్రి డాక్టరు మాథ్యూ స్పెన్స్, ఇంజనీరు ఆల్ఫ్ మెల్విల్ కలిసి, పండ్లు నిలవబెట్టుకునే గాజు సీసాతో గాలికి వెచ్చదనమూ తేమా ఎక్కించే పరికరం నమూనా తయారుచేశారు. దాని మీదే ఫిషర్ అండ్ పైకెల్ హెల్త్‌కేర్ కంపెనీ పెరిగింది. మనవాళ్లు బోలెడంతమంది ఉండే ఫ్లాట్ బుష్ పక్కనే, ఈస్ట్ టామకీలో ఉంది. మిడిల్‌మోర్ ఆసుపత్రి డాక్టరు హ్యారీ రే బృందం 108 మంది దీర్ఘకాల ఊపిరితిత్తుల రోగుల మీద ఏడాదిపాటు పరీక్ష చేసింది. ఇంట్లో రోజూ కొంతసేపు వెచ్చటి తేమ గాలి ముక్కుతో పీల్చినవాళ్లు జబ్బు తిరగబెట్టి బాధపడిన రోజులు తగ్గాయని 2010లో రాసింది. అదేదో కొనుక్కోమని కాదు నేను చెప్పేది. ఏ మనిషికి ఏది పనికొస్తుందో కొలిచి చూసే చేతులు ఇంత దగ్గర్లో ఉండగా, మనం వాట్సాప్‌ని నమ్ముకుంటున్నాం.

ఇంట్లో ఆక్సీమీటరు ఉన్నవాళ్లకు ఒక మాట. చలికి వేళ్లు మొద్దుబారినా, గోళ్లకు రంగు ఉన్నా, గోరింటాకు ముదురుగా పండినా అంకె తప్పు చూపించవచ్చు. చేతులు రుద్దుకుని వెచ్చబడ్డాక, రంగులేని వేలికి పెట్టి, అంకె కుదురుకునేదాకా ఆగి చూడండి. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లకు ఈ పరికరం ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికా డాక్టర్లు రుజువు చేశారు. మన రంగుకీ ఆ మాట వర్తించవచ్చు. కాబట్టి అంకె బాగుందని మనిషి మొహం చూడటం మానకండి. పెదాలు నీలంగా మారినా, మాట తడబడినా, మత్తుగా ఉన్నా, ఛాతీలో నొప్పి అన్నా, ఒక్క వాక్యం కూడా పూర్తిగా పలకలేకపోతున్నా, ఆగకుండా 111కి ఫోన్ చేయండి.

ఇంటికి ఆక్సిజన్ వచ్చినవాళ్ల ఇంట్లో దేవుడి గది గురించి రాయకపోతే నాకు మనసొప్పదు. ఆక్సిజన్ తనంతట తాను అంటుకోదు, కానీ నిప్పురవ్వను మంటగా మారుస్తుంది. ముక్కుకి గొట్టం పెట్టుకుని దీపం వెలిగించకూడదు. హారతి కళ్లకద్దుకోకూడదు. అగరుబత్తి ఉన్న గదిలో కూర్చోకూడదు. గ్యాస్ పొయ్యికి కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలి. నిన్నటిదాకా ఎవరు దీపం పెట్టారో ఆ పని ఇకనుంచి మనవడికి అప్పగించండి, లేదా బ్యాటరీ దీపం పెట్టండి. దేవుడేమీ అనుకోడు. ఇంకొకటి: ముక్కు ఎండిపోయిందని కొబ్బరినూనె, వాసెలిన్, అమృతాంజనం రాయకండి. నూనె, జిడ్డు ఆక్సిజన్ దగ్గర అంటుకునే సరుకులు. నీళ్లతో చేసిన జెల్ ఏదో ఫార్మసీలో అడిగితే ఇస్తారు. ఆక్సిజన్ ఉన్న ఇంట్లో ఇక చుట్టా సిగరెట్టూ ఎవరికీ లేవు, వచ్చిన చుట్టాలతో సహా. మానాలనుకునేవాళ్లకు క్విట్‌లైన్ 0800 778 778 ఉచితం. కాన్‌సెంట్రేటర్ కరెంటుతో నడుస్తుంది కాబట్టి మీ కరెంటు కంపెనీకి "మెడికల్లీ డిపెండెంట్ కన్జ్యూమర్" అని ముందే నమోదు చేయించండి. పెరిగిన బిల్లు కోసం వర్క్ అండ్ ఇన్‌కమ్ వాళ్లను డిసెబిలిటీ అలవెన్స్ గురించి అడగండి.

ఇప్పుడు ఈ వారం మీరు చేయాల్సిన పని.

మీ జీపీకి, అంటే ఫ్యామిలీ డాక్టరుకు, ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. లోపలికి వెళ్లి "దగ్గు, ఆయాసం" అని ఊరుకోకండి. ఈ ముక్క ఇలాగే అనండి: "ప్లీజ్ రిఫర్ మై ఫాదర్ ఫర్ పల్మనరీ రిహాబిలిటేషన్." ఊదే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, ఎప్పుడైనా చేశారా అని అడగండి. చేయకపోతే చేయించమనండి, ఎందుకంటే ఏ జబ్బో తేలకుండా ఏ క్లాసూ సరిపడదు. నడిచేటప్పుడు ఆక్సిజన్ ఎంతకి పడుతోందో కొలిపించమనండి. గుండె జబ్బు ఉంటే ముందే చెప్పండి. ఇన్‌హేలరు ఎలా వాడుతున్నారో డాక్టరు ముందే నాన్నను ఒకసారి చేసి చూపించమనండి. మా నాన్న మూడేళ్లు తప్పుగా పీల్చాడని అలాగే బయటపడింది. శీతాకాలం ముందు ఫ్లూ టీకా అడగండి, 65, ఆ పైబడినవాళ్లకూ ఈ జబ్బు ఉన్నవాళ్లకూ ఉచితం.

దుబాసీని అడగండి. 1996 నుంచి అమల్లో ఉన్న ఆరోగ్య వినియోగదారుల హక్కుల కోడ్‌లో అయిదో హక్కు ఇదే: అర్థమయ్యే భాషలో చెప్పాలి, అవసరమై వీలున్న చోట దుబాసీని పెట్టాలి. మేమే చదువుకున్నాం కదా, మేమే చెబుతాం అనుకోకండి. మూడేళ్లు నాన్న తరఫున నేనే మాట్లాడాను. మొదటిసారి ఫోన్లో తెలుగు దుబాసీ వచ్చిన రోజు, "స్నానం చేసేటప్పుడు కూడా ఊపిరాడదమ్మా, మధ్యలో స్టూలు మీద కూలబడిపోతాను" అని ఆ తెలియని గొంతుకి చెప్పాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. కూతురుతో స్నానాల గది మాట ఎలా చెబుతాడు? మీ నాన్న కూడా మీతో చెప్పని మాట ఒకటి ఉంటుంది. మీ హక్కు దక్కలేదనిపిస్తే ఉచిత అడ్వకసీ సేవ 0800 555 050. రాత్రిపూట ఏదైనా అనుమానం వస్తే హెల్త్‌లైన్ 0800 611 116, అక్కడా దుబాసీని అడగవచ్చు.

రెసిడెంట్ వీసా ఉన్న పెద్దవాళ్లకు ఆసుపత్రి సేవలు ప్రభుత్వం ఖర్చుతోనే అందుతాయి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు అలా కాదు. వాళ్లకు ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడే పాత జబ్బు దాచకుండా రాయండి. బయల్దేరే ముందు ఇండియాలోనే ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించి, నడిపించి కొలిపించి, కాగితాలు తెచ్చుకోండి. విమానంలో గాలి ఒత్తిడి రెండు వేల మీటర్లకు పైగా ఎత్తున్న కొండ మీద ఉన్నంత తగ్గవచ్చు కాబట్టి ఆ ప్రశ్న కూడా అక్కడే అడగండి. క్లాసు దొరకనివాళ్లకు ఇల్లే హాలు. డాక్టరు సరేనన్నాక, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు. అయిదు నిమిషాలతో మొదలుపెట్టి, ఆగుతూ సాగుతూ, వారాల మీద అరగంటకు తేవడం. ఆక్లాండ్‌లో వాన ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి జూన్ నుంచి ఆగస్టు దాకా సిల్వియా పార్క్ లాంటి మాల్‌కి, షాపులు నిండకముందే తీసుకెళ్లండి. నేల చదును, చలి ఉండదు, కూర్చోవడానికి బెంచీలు.

మీ ఇంట్లో రోగి ఎవరూ లేకపోయినా మీకూ పనుంది. క్లాసులు పగటిపూట జరుగుతాయి. పగలు కొడుకూ కోడలూ ఉద్యోగంలో ఉంటారు. పెద్దాయనకు కారు నడపడం రాదు. ఎనిమిది వారాల క్లాసును కొందరు రెండో వారానికే మానేసేది ఇందుకే. పగలు ఖాళీగా ఉండి, కారు ఉన్నవాళ్లు వారానికి ఒక్క పూట ఒక్క పెద్దమనిషిని తీసుకెళ్లి తీసుకురండి. మీ వీధిలో ఎవరున్నారో మీ తెలుగు గ్రూపులో ఇవాళే అడగండి. "కాన్‌సెంట్రేటర్ ఉందా" అనే మెసేజీ కింద "ముందు రిహాబ్ అడిగారా?" అని రాయండి.

సంఘాల పెద్దలకు, గుడి కమిటీలకు: ఉగాది సభలో పది నిమిషాలు ఇవ్వండి. ఒక ఫిజియోను పిలవండి, పక్కన ఒక తెలుగు దుబాసీని నిలబెట్టండి. భోజనాల హాలుకి మెట్లున్న చోట రెయిలింగు, మధ్యలో ఒక కుర్చీ పెట్టండి. భజన బృందాల్లోకి ఆయాసం ఉన్నవాళ్లను పిలవండి, దూరం పెట్టకండి. వెల్లింగ్టన్‌లో సీఓపీడీ ఉన్నవాళ్లు కలిసి పాడుకునే బృందం మీద ఒటాగో విశ్వవిద్యాలయంవాళ్లు పరిశోధన కూడా చేశారు. మనకు పాటలకేం తక్కువ? హెల్త్ న్యూజిలాండ్‌కి అందరం కలిసి అర్జీ పెడదాం: మనవాళ్లు ఎక్కువగా ఉన్న చోట క్లాసు పాఠాలు తెలుగులోనూ ఇవ్వండి, సాయంత్రం పూట ఒక క్లాసు పెట్టండి అని. సంతకం పెట్టడానికి మీ సంఘం ముందుకొస్తే, కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరగడానికి నాలాంటి కూతుళ్లు సిద్ధంగా ఉన్నారు.

మా రిక్లైనర్ ఇంకా ఉంది. నాన్న మధ్యాహ్నం అందులోనే కునుకు తీస్తాడు. మంచినీళ్లు మాత్రం ఇప్పుడు వంటింట్లో ఉంటాయి. లేచి వెళ్లి తాగుతాడు. మొదటి వారం అలా కూర్చుని చూడటం నాకు ఆయన లేవడం కంటే కష్టమైంది.

ఈ కాగితాన్ని ఇక్కడికి మడిచి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. డాక్టరు చెప్పినవి కింద రాసుకోండి.

విశ్రాంతిలో ఆక్సిజన్ అంకె: ..............
నడిచేటప్పుడు ఎంతకి దిగితే ఆగాలి: ..............
ఆక్సిజన్ రాసిచ్చి ఉంటే, కూర్చున్నప్పుడు ఎన్ని లీటర్లు: ..............  నడిచేటప్పుడు: ..............
రిహాబ్‌కి రెఫరల్ పంపిన తేదీ: ..............
క్లాసుకి తీసుకెళ్లేది ఎవరు, మంగళవారం: ..............  గురువారం: ..............